వెతికినందుకే దొరికింది

చెల్లెలు ఫోన్ చేసేసరికి అక్క ఆఫీసులో ఓ పొడవాటి పట్టికతో కుస్తీ పడుతోంది.

"అక్కా, ఇది పోయడం లేదే!"

"ఎవరే?"

"ఇంకెవరు, గుండ్రాయి! పొద్దున్నుంచీ డైపర్లో మీ కాయితం పెట్టుకుని కాచుక్కూర్చున్నా. కాయితం ఉన్నంతసేపూ బిగబట్టుకుంటుంది. తీసిన మరుక్షణం వరదే. పైగా నా మొహం చూసి నవ్వుతోంది."

అక్క నవ్వాపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు.

గుండ్రాయి అంటే చెల్లెలి కూతురు. పుట్టినప్పుడే ఎత్తుకున్నవాళ్ళ చేతులు లాగేసేంత బరువు. పెట్టిన పేరు ఇంకేదో ఉంది గాని, ఇంట్లో ఎవరికీ అది నోరు తిరగలేదు. ఇక ఆ కాయితం సంగతి. ఆ రోజుల్లో వాళ్ళుండే చోట ఆరు నెలలు నిండిన ప్రతి పాపాయికీ ఒక పరీక్ష ఉండేది. డైపర్లో ఓ పీల్చుడు కాయితం పెట్టి, తడిశాక ఆరబెట్టి, కవరులో పెట్టి ల్యాబుకి పంపాలి. పసిపిల్లల్లో, ఎక్కువగా మూత్రపిండం పైన, ఒక రకం కాన్సరు కణితి పుడుతుంది. అది ఉంటే మూత్రంలో రెండు పదార్థాలు ఎక్కువగా కనిపిస్తాయి. ముదిరాక బయటపడితే పిల్లలు దక్కడం కష్టం. అందుకని ముందే వెతికి పట్టుకుని తీసేద్దాం అన్నారు డాక్టర్లు. వినడానికి అంత బాగున్న మాటని ఎవరు కాదంటారు?

కాదనడం కాదు గాని, అవునో కాదో తేల్చడం అక్క ఉద్యోగం. ఆమెది గణాంకాల చదువు. కొన్ని ప్రాంతాల్లో ఈ పరీక్ష పెట్టారు, కొన్నిట్లో పెట్టలేదు. రెండు చోట్లా పుట్టిన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ, పరీక్ష వల్ల నిజంగా పిల్లల చావులు తగ్గాయా లేదా అని ఆమె బృందం లెక్క కడుతోంది. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆమె "ఉచ్చల లెక్కలమ్మ".

"నువ్వు దాని మొహంలోకి చూడకే. చూస్తుంటే దానికి ఆటగా ఉంటుంది," అంది అక్క.

"నేను ఎంతమందికో కార్లు నడపడం నేర్పాను. ఇంత మొండిఘటం ఎక్కడా తగల్లేదు," అని చెల్లెలు ఫోన్ పెట్టేసింది. ఆమె డ్రైవింగ్ స్కూల్లో టీచరు. మామూలుగా మాట్లాడినా ఎదుటివాళ్ళు ఉలిక్కిపడి బ్రేకు తొక్కేంత గొంతు.

చివరికి మరిది వచ్చి పాప ఎదుట బకెట్లో కుళాయి తిప్పితే ఆ సవ్వడికి పని జరిగింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. దేనికైనా ఓ మీట ఉంటుందని ఆయన నమ్మకం.

కాయితం వెళ్ళిపోయింది, అందరూ మర్చిపోయారు. కొన్నాళ్ళకి ల్యాబు నుంచి ఇంకో కాయితం వచ్చింది, మళ్ళీ పంపమని. మళ్ళీ కుళాయి తిప్పారు. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, స్కానింగ్‌కి తీసుకురమ్మని.

స్కానింగ్ గదిలో ఎడమ మూత్రపిండం పైన ద్రాక్షపండంత కణితి కనిపించింది.

పాప మాత్రం పొట్ట మీద రాసిన చల్లటి జెల్లుకి కిలకిలా నవ్వుతూనే ఉంది. పెద్దవాళ్ళ గుండెల్లో రాయి పడింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాపని ముద్దుపేరుతో పిలవడానికి ఎవరికీ నోరు రాలేదు. "అమ్మలూ" అన్నారు, "బంగారూ" అన్నారు. పాప ఎవరిని పిలుస్తున్నారోనని వెనక్కి తిరిగి చూసేది.

అక్క మొదట చేసిన పని తన పై అధికారి దగ్గరికి వెళ్ళి, మా చెల్లెలి కూతురు కూడా ఈ లెక్కలోకి వచ్చిందండీ అని చెప్పడం. ఆయన ఆ ప్రాంతపు వివరాలన్నీ వేరొకరికి అప్పగించాడు. "మొత్తం లెక్క తేలాక చూడు. ఈలోగా వెళ్ళి పాపని చూసుకో," అన్నాడు.

పాపని చూసిన సర్జన్ ఆ పరీక్షని మొదలుపెట్టించిన మనిషే. పొడవాటి వేళ్ళు, తెల్లటి కనుబొమలు. ఆలస్యంగా వచ్చిన పిల్లలు తన చేతుల్లో పోతుంటే తట్టుకోలేక, ఊరూరా తిరిగి అందరినీ ఒప్పించి ఈ కాయితాన్ని ప్రతి ఇంటికీ చేర్చాడు. ఆయన స్కానింగ్ బొమ్మ చూసి, పాప అరికాలికి చక్కిలిగిలి పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఇదివరకైతే ఈపాటికి ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేసేవాణ్ణి," అన్నాడు. "ఇప్పుడు ఇవ్వలేకపోతున్నాను. మీ అక్కగారి బృందం అడిగే ప్రశ్నలు నన్ను పాడుచేశాయి."

అక్క తల దించుకుంది.

"పరీక్ష పెట్టిన చోట్ల ఈ కణితి ఉన్న పిల్లలు ఇదివరకటి కన్నా చాలా ఎక్కువమంది దొరుకుతున్నారమ్మా. నేను మొదట్లో సంబరపడ్డాను. తర్వాత ఓ రోజు స్నానం చేస్తుంటే తట్టింది. ఈ ఎక్కువమంది ఇదివరకు ఏమైపోయేవాళ్ళు? జబ్బు చేసి మా దగ్గరికి రాలేదే! అంటే హాయిగా పెరిగి పెద్దయ్యారన్నమాట. కణితి వచ్చిందీ ఎవరికీ తెలీదు, పోయిందీ తెలీదు. పసిపిల్లల్లో దీనికి ఆ వింత గుణం ఉంది. కొన్నిసార్లు దానంతటదే కరిగిపోతుంది."

"కొన్నిసార్లా?" అన్నాడు మరిది.

"కొన్నిసార్లే. ఏది కరుగుతుందో ఏది ముదురుతుందో ముందుగా చెప్పే తెలివి ఇంకా మాకు రాలేదు. కాని మీ పాపది చిన్నది, ఎక్కడికీ పాకలేదు, పాప హుషారుగా ఉంది. ఇలాంటివాటిని కొందరిలో తీయకుండా కనిపెట్టుకుని చూస్తున్నాం. పెరిగి మేం గీసిన గీత దాటిందా, వెంటనే తీసేస్తాం."

"డాక్టరుగారూ, నేను లిఫ్టులు బాగుచేస్తాను. తాడు దగ్గర చప్పుడొస్తోందని తెలిశాక, చూద్దాం, అదే తగ్గుతుందేమో అంటే జనం నన్ను తంతారు."

"తన్నాల్సిందే. లిఫ్టు దానంతటది బాగుపడదు కదండీ. పిల్లలు అప్పుడప్పుడూ బాగుపడతారు." సర్జన్ వేళ్ళ వంక చూసుకున్నాడు. "ఆపరేషన్ చేయమంటే చేస్తాను. కాని అదేమీ చిన్నది కాదు. మూత్రపిండానికి వెళ్ళే రక్తనాళాన్ని అంటుకుని ఉంది. ఇలాంటిది తీయబోతే ఓ బాబుకి నా చేతుల్లోనే మూత్రపిండం పోయింది. వాడి కణితిని వదిలేసి ఉంటే ఏమయ్యేదో నాకు ఇక ఎప్పటికీ తెలీదు."

బయటికొచ్చి అందరూ కార్లో కూర్చున్నారు. అది డ్రైవింగ్ స్కూలు కారు, రెండు వైపులా బ్రేకులుంటాయి. చెల్లెలు స్టీరింగు ముందు, మరిది పక్కన, వెనక సీట్లో పాప అక్క జుట్టు పట్టుకుని లాగుతోంది. కారు కదల్లేదు.

"అక్కా, నీ లెక్క ఏమంటోంది?"

"నా లెక్క వేలమంది గురించి చెబుతుందే. ఈ ఒక్కదాని గురించి దానికేమీ తెలీదు."

"మరి అన్నేళ్ళు ఏం చదివావే?"

"అదే నాకూ అర్థం కావడం లేదు," అంది అక్క. ఆ మాట ఎంత దిగులుగా అందంటే, చెల్లెలికి ముందు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మధ్యలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఇద్దరూ ముక్కులు చీదుకుంటూ నవ్వారు. మరిది వీళ్ళకేమైనా అయిందా అన్నట్టు చూశాడు.

నవ్వు తగ్గాక చెల్లెలు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, తనలో తను అనుకుంటున్నట్టే అంది. "నేర్చుకునేవాళ్ళకి నేను మొదట చెప్పేదేంటంటే, భయమేసిందని బ్రేకు తొక్కొద్దు. ఎదురుగా ఏదైనా ఉంటేనే తొక్కు. ఉత్తినే నడిరోడ్డు మీద తొక్కితే వెనకవాడొచ్చి గుద్దుతాడు." మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, చూద్దామా?"

మరిది తన వైపు బ్రేకు మీంచి కాలు తీశాడు. "ప్రతి స్కానింగ్‌కీ నేనూ వస్తాను. ఆ బొమ్మ నా కళ్ళతో నేను చూడాలి," అన్నాడు.

అలా కనిపెట్టుకుని ఉండడం మొదలైంది.

మొదటిసారి వెళ్తే కణితి కాస్త పెరిగింది. సర్జన్ కొలిచి, మళ్ళీ కొలిచి, గీత దాటలేదు, చూడొచ్చు అన్నాడు. ఆ వారమంతా మరిది తాను బాగుచేసిన లిఫ్టులన్నిటినీ మళ్ళీ వెళ్ళి చూసొచ్చాడు, ఎవరూ పిలవకపోయినా. చెల్లెలు అరవడం మానేసింది. కారు నేర్చుకునేవాళ్ళు హడలిపోయారు. ఒకాయన దిగేటప్పుడు, "మేడమ్, ఇక నాకు రాదని నిర్ధారించేశారా?" అని దీనంగా అడిగాడు కూడా. అక్క రోజూ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి పాపని చేతుల్లోకి తీసుకుని, బరువు పెరిగిందా తగ్గిందా అని తూచేది. ఆమె చేతుల తూకానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. అయినా తూచేది.

రెండోసారి వెళ్తే పెరగలేదు. ఆ తర్వాత వెళ్తే చిన్నదైంది. ద్రాక్షపండు కాస్తా బఠాణీగింజ అయింది. ఎవరూ నోరు విప్పి సంతోషించలేదు. దిష్టి తగులుతుందేమోనని నాస్తికుడైన మరిది కూడా నోరు నొక్కుకున్నాడు. ఇంటికొచ్చాక మాత్రం పాపని గాల్లోకి ఎగరేస్తూ, "అబ్బ, ఏం బరువే గుండ్రాయీ!" అనేశాడు. అన్నాక నాలుక్కరుచుకున్నాడు. పాప తన పేరు గుర్తుపట్టి కేరింతలు కొట్టింది. వంటింట్లోంచి చెల్లెలు, "ఇంకోసారి పిలవండి!" అని అరిచింది. పాత గొంతు తిరిగొచ్చింది.

ఇక అసలు రోజు. స్కానింగ్ చేసే ఆవిడ ఆ పరికరాన్ని పాప పొట్ట మీద అటు జరిపింది, ఇటు జరిపింది. భుజాలెగరేసింది. తెరకి మొహం ఆనించి చూసింది.

"ఏమైందండీ?" అన్నాడు మరిది.

"కనబడట్లేదు."

"ఏది?"

"అదే."

ఆవిడ లేచి పక్కగదిలోంచి ఇంకొకావిణ్ణి పిలిచింది. ఇద్దరూ వెతికారు. సర్జన్‌కి కబురెళ్ళింది. ఆయన పరుగున వచ్చి, "జరగండమ్మా," అని తనే పట్టుకుని వెతికాడు. చేజారిన ఉంగరం కోసం మంచం కింద దూరినట్టు ముగ్గురూ ఆ చిన్న పొట్టంతా గాలించారు. పాపకి చక్కిలిగింతలతో ఊపిరాడక ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

"లేదు," అన్నాడు సర్జన్. "లేదంతే. పోయింది."

చెల్లెలు వేసిన కేకకి బయట వరండాలో ఎవరిదో ట్రే కింద పడింది.

జెల్లు తుడవడం కూడా మర్చిపోయి పాపని ఎత్తుకుని పరిగెత్తారు. లిఫ్టులోకి దూరారు. మరిది పెళ్ళాన్ని పట్టుకుని ఏడుస్తున్నాడు, పెళ్ళాం అక్కని పట్టుకుని నవ్వుతోంది, పాప అద్దంలో తనని తాను చూసుకుని అరుస్తోంది. తలుపులు మూసుకున్నాయి. కొంతసేపయ్యాక తలుపులు తెరుచుకుంటే ఎదురుగా మళ్ళీ అదే వరండా, అదే స్కానింగ్ గది. మీట నొక్కిన పాపాన ఎవరూ పోలేదు.

"లిఫ్టు మెకానిక్కువి, నీకైనా తెలియదటయ్యా!" అంది అక్క.

"ఈ పూటకి నాకేమీ తెలీదు వదినా!" అని మరిది అన్ని అంతస్తుల మీటలూ వరసగా నొక్కేశాడు. ప్రతి అంతస్తులోనూ తలుపు తెరుచుకోవడం, ఎక్కబోయినవాళ్ళు ఈ గోలని చూసి వెనక్కి తగ్గడం. ఒక ముసలాయన మాత్రం ధైర్యం చేసి ఎక్కి, సంగతి విని, వాళ్ళతోపాటు పైదాకా వెళ్ళి కిందకొచ్చాడు. ఆయన దిగాల్సింది మొదటి అంతస్తులో.

ఈ కబురు ఆ పరీక్షల ప్రచారం చూసే అధికారి చెవిన పడింది. ఆయన స్వయంగా ఇంటికి వచ్చి పాపని చూసి మురిసిపోయాడు. గోడలకంటించే బొమ్మల్లో పాపని వేద్దామన్నాడు. కింద ఏం రాయాలో కూడా తయారుగా ఉంది, "పరీక్ష కాపాడిన పాపాయి" అని. చెల్లెలు ఎగిరి గంతేసింది. ఏ గౌను వేయాలో అప్పుడే బీరువా ముందు నిలబడింది.

అధికారి వెళ్ళాక అక్క మంచం మీద కూర్చుని, "దాని ఫొటో ఇవ్వకే," అంది.

"ఎందుకు? దానికి రెండు పళ్ళే ఉన్నాయనా?"

"అది నిజం కాదు గనక. దీన్ని పరీక్ష కాపాడలేదే."

"పరీక్ష లేకపోతే తెలిసేదే కాదుగా!"

"అదే నేననేది. తెలిసేదే కాదు. కణితి దాని దారిన అది ఉండేది, దాని దారిన అది పోయేది. మీరు హాయిగా ఉండేవాళ్ళు."

చెల్లెలు చేతిలో గౌను అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మొహం ఎర్రబడింది. అరుస్తుందేమోనని అక్క కాస్త వెనక్కి జరిగింది.

"అంటే, నేను అన్ని నెలలూ ఉత్తినే ఏడ్చానా?"

"ఉత్తినే."

"మా ఆయన చిక్కిపోయి లాగులన్నీ వదులైపోయాయి. ఉత్తినేనా?"

"ఉత్తినేనే."

"ఆ సర్జన్ చెయ్యి పట్టుకుని మీరే మా దేవుడండీ అన్నానే! ఆయనేం చెయ్యనందుకా?"

"ఏం చెయ్యనందుకే. అది ఆయనకి ఎంత కష్టమైన పనో తెలుసా?"

చెల్లెలు పడిపడి నవ్వడం మొదలుపెట్టింది. గౌను మొహానికి అడ్డం పెట్టుకుని, మంచం మీద పడి, దొర్లి దొర్లి నవ్వింది. అక్క ఆపబోయి తనూ పడింది. మరిది గుమ్మంలోకి వచ్చి ఏమైందంటే, "ఉత్తినేనటండీ!" అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు వాళ్ళ నోట. ఆయనకి విషయం అర్థమయ్యేసరికి నవ్వాలో కోప్పడాలో తెలీక, తన లాగు నడుము పట్టుకుని చూసుకున్నాడు. దాంతో అక్కాచెల్లెళ్ళకి మళ్ళీ మొదలు.

నవ్వు అయిపోయాక చెల్లెలు కళ్ళు తుడుచుకుని, "మరి ఆ మూత్రపిండం పోయిన బాబు?" అంది మెల్లగా.

"వాడి కోసమే ఈ లెక్క," అంది అక్క.

ఫొటో ఇవ్వలేదు.

లెక్క తేలింది. హాలు నిండా డాక్టర్లు, ల్యాబులవాళ్ళు, అధికారులు. అక్క వేదికెక్కి మంచినీళ్ళు తాగి, సూటిగా చెప్పింది. పరీక్ష పెట్టిన చోట్ల కణితులు చాలా ఎక్కువగా దొరికాయి. కాని ఈ కాన్సరుతో పోయిన పిల్లల సంఖ్య పెట్టిన చోటా పెట్టని చోటా ఒక్కలాగే ఉంది. ప్రాణం తీసే రకం కణితి వేగంగా వస్తుంది, కాయితం మీద ఏమీ లేదన్న పిల్లల్లోనే తర్వాత పుట్టుకొస్తుంది. కాయితం పట్టుకున్నవాటిలో ఎక్కువ భాగం ఎవరి జోలికీ పోకుండా కరిగిపోయేవే. వాటిని తీయబోయి కొందరు పిల్లలకి హాని జరిగింది. ముగ్గురు దక్కలేదు కూడా.

ప్రచార అధికారి లేచాడు. "ఒక్క ప్రాణం నిలబడినా చాలు కదమ్మా?"

"చాలండీ. ఆ ఒక్కటీ మాకు దొరకలేదు. చాలా వెతికాం," అంది అక్క. గొంతులో ఎగతాళి లేదు. ఆ వెతకడంలో ఆమె కూడా ఆశపడింది.

హాల్లో అందరూ ముందు వరసలోని సర్జన్ వంక చూశారు. ఆయన లేవడానికి కాస్త సమయం పట్టింది.

"ఇది నేను మొదలుపెట్టాను," అన్నాడు. "నా చేత్తోనే ఆపనివ్వండి. ఆలస్యంగా వచ్చే పిల్లలు ఇంకా వస్తూనే ఉంటారు. వాళ్ళకి ఈ కాయితం పనికిరాలేదు. పనికొచ్చేదేదో చూద్దాం. మన చేతులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి."

సభ అయ్యాక అక్క మెట్ల మీద ఆయనకి ఎదురుపడింది.

"అమ్మా, నా సగం జీవితాన్ని ఒక్క మధ్యాహ్నంలో పడగొట్టేశారు," అన్నాడాయన.

"క్షమించండి డాక్టరుగారూ."

"ఎందుకు క్షమించడం? ఇన్నాళ్ళూ కత్తి పట్టుకున్న ప్రతిసారీ, ఇది అక్కర్లేదేమో అనిపించేది. ఎవరితోనూ అనలేదు. ఇవాళ మీరు మైకులో అనేశారు." ఆయన కోటు విప్పి భుజాన వేసుకున్నాడు. "ఆకలేస్తోంది. ఇంత ఆకలి ఈమధ్య ఎప్పుడూ వేయలేదు. నిజం."

కాయితాలు ఆగిపోయాయి. అప్పటికే చిన్న కణితులు బయటపడ్డ పిల్లల్ని కత్తి పెట్టకుండా కనిపెట్టుకుని చూశారు. చాలామందిలో కరిగిపోయాయి. కొందరికి ఆపరేషన్ తప్పలేదు, వాళ్ళకి చేశారు. అక్క బృందం వేరే లెక్క ఎత్తుకుంది.

గుండ్రాయిని ఏడాది తర్వాత ఒకసారి చూపించమన్నారు. అప్పటికి దానికి నడక కాదు, నేరుగా పరుగే వచ్చింది. సర్జన్ గది తలుపు తీసి ఉండడం చూసి, ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలికి లేకుండా వరండాలోకి దూకింది. వెనకాల అమ్మ, నాన్న, పెద్దమ్మ. అందరికన్నా ముందు, తెల్లకోటు ఎగురుతుంటే, స్టెతస్కోపు మెడలోంచి జారుతుంటే, సర్జన్.

"పట్టుకోండి! పట్టుకోండి!" అని అరుస్తున్నాడాయన, నవ్వుతో రొప్పుతూ. వరండాలో ఉన్నవాళ్ళెవరూ పట్టుకోలేదు. అందరూ గోడకి ఒదిగి దారి ఇచ్చారు.